తండ్రి పేరు రాయని ఫారం

మా ఉపాధి సర్వే ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు ఇన్వెస్టిగేటర్లు ఆ మధ్య భిలాయి వైశాలి నగర్‌లో మా ఇంటికి వచ్చారు. ఫీల్డులో ఏం చూసుకోవాలో చెప్పమన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టి అయిదు నిమిషాలు కాలేదు, అందులో ఒకమ్మాయి గోడ గడియారం వైపు రెండుసార్లు చూసింది. నేను గమనించాను. అందుకే నోటితో చెప్పడం మాని రాసి ఇస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకోవచ్చు.

నేను ఏ ఏడాది ఏ గ్రేడుకు వెళ్లానో ఇందులో ఉండదు. వెళ్లవలసిన గ్రేడుకు వెళ్లలేదు. దాని గురించి పెట్టిన అర్జీల నకళ్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, అడిగినవాళ్లకు చూపిస్తాను. ఇందులో ఉన్నది తొంభైల్లో జరిగిన ఒక తప్పు, దాన్ని దిద్దడానికి పట్టిన కాలం. తప్పు చేసినవాణ్ని నేనే.

మా పని చెప్పుకోవడానికి చాలా తేలిక. ఫ్యాక్టరీల చుట్టూ తిరగాలి. ఎక్కడ ఎంతమంది పని చేస్తున్నారో రాసుకోవాలి. పోయినసారికంటే పెరిగారో తగ్గారో రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టును మేం ఎన్నడూ చూడని మనుషులు మేం ఎన్నడూ వెళ్లని గదుల్లో చదువుతారు. చదివి, ఎక్కడ శిక్షణ కేంద్రం పెట్టాలో, ఎక్కడ ఎత్తెయ్యాలో నిర్ణయిస్తారు. మన వాక్యం ఒకరి గుమ్మం ముందు నోటీసై అంటుకుంటుందని చేరిన రోజున ఎవరూ చెప్పరు.

మొదటి ఆఫీసరు చించిన కాగితం

చేరిన కొత్తలో నా మీద ఒక పెద్దాయన ఆఫీసరుగా ఉండేవాడు. నేను నింపిన ఫారాన్ని అందరి ముందూ ఎత్తి చూపించి అడిగాడు.

"ఈ గడి ఎందుకు ఖాళీగా ఉంది?"

"తెలియలేదు సార్."

"తెలియలేదని రాయి. ఖాళీ వదిలితే చదివేవాడు దాన్ని తనకు కావలసినట్టు నింపుకుంటాడు."

అని, ఫారాన్ని నిలువునా చించి నా చేతికిచ్చాడు. గదిలో ఆరుగురున్నారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. రెండేళ్లపాటు ఆయనకు నమస్కారం పెట్టేటప్పుడు చేతులు పూర్తిగా కలిపేవాణ్ని కాదు. కాని నా మీద పనిచేసిన ఆఫీసర్లలో ఈ పని తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయన నాకు ఒక్కసారి కూడా కుర్చీ చూపించలేదు, అది కూడా నిజమే.

ఆయన రిటైరయ్యాక ఆ మాట మరిచిపోయాను. మరిచిపోయానని రాయడానికి కష్టంగా ఉంది, ఎందుకంటే నేను మరిచిపోయే మనిషిని కాదని అందరూ అంటారు.

పట్టాలకు ఉత్తరాన

భిలాయి రైలు పట్టాలకు రెండు వైపులా రెండు ఊళ్లు. దక్షిణాన ప్లాంటు, సెక్టార్లు, వరసగా క్వార్టర్లు, నీడనిచ్చే రోడ్లు. ఉత్తరాన బజార్లు, బస్తీలు, చిన్న చిన్న ఫ్యాక్టరీలు. మా నాన్న తరం విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటు కట్టే రోజుల్లో మట్టి పనికి వచ్చింది. కొందరు ప్లాంటు లోపలికి వెళ్లగలిగారు, వాళ్లు దక్షిణాన స్థిరపడ్డారు. వెళ్లలేనివాళ్లు ఉత్తరాన ఉండిపోయి, ప్లాంటుకు కావలసిన చిల్లర సామాన్లు చేసే ఫ్యాక్టరీల్లో చేరారు.

తొంభైల్లో ప్లాంటు కొత్తవాళ్లను తీసుకోవడం బాగా తగ్గింది. చిన్న ఫ్యాక్టరీలకు వచ్చే ఆర్డర్లూ తగ్గాయి. ఇనుము పోతపోసే ఫౌండ్రీలు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. తండ్రి చేసిన పని కొడుక్కి వస్తుందని ఎదురుచూసిన ఇళ్లలో తండ్రి పనే పోయింది. అప్పుడు మా ఆఫీసుకు పై నుంచి ఒక ప్రశ్న వచ్చింది. పట్టాలకు ఉత్తరాన పనులు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా?

ఆ జవాబు మీద ఒక రేకుల షెడ్డు ఆధారపడి ఉంది. బస్తీ చివర రెండు గదుల ప్రభుత్వ శిక్షణ కేంద్రం అది. అందులో వెల్డింగు, ఫిట్టరు పని నేర్పేవారు. పని పోయినవాళ్లకు మరో పని నేర్చుకోవడానికి నడిచి వెళ్లగలిగిన చోటు అదొక్కటే. తరువాతి వెల్డింగు బ్యాచిలో మా సింహాచలం పేరు ఉంది.

సింహాచలం మా ఆవిడకు తమ్ముడు. ఫౌండ్రీలో మౌల్డరు. ఇసుకలో అచ్చులు తీయడం తప్ప మరో పని తెలియదు. ఫౌండ్రీ మూతపడేసరికి నలభై దగ్గర పడ్డాడు. ఆ తరువాత ఎవరో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద రోజుపనికి పోతున్నాడని విన్నాను. ఎక్కడికని నేను అడగలేదు. సర్వే చేసే మనిషినై ఉండి, సొంత బావమరిదిని అడగలేదు.

వీధికి పదిమంది

ఆ సర్వేలో మూడు ఫ్యాక్టరీలు మంచి కబురు చెప్పాయి. ఒకటి నట్లు బోల్టులు చేసేది, ఇంకొకటి డ్రమ్ములు చేసేది, మూడోది రేకు తలుపులు చేసేది. మూడుచోట్లా మనుషులు పెరిగారు. గేటు దగ్గర హాజరు రాసే గుమాస్తా, మునిషీ, హాజరుపట్టీ మస్టరు తీసి ఇచ్చాడు. మేం పేర్లు ఎక్కించుకున్నాం.

ఇక్కడి గేట్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మనవాళ్ల ఇంటిపేరు ఏదైనా, గేటు దగ్గర అందరూ రావులే. మునిషీకి మన ఇంటిపేర్లు నోరు తిరగవు, అందుకని పేరు పక్కన రావ్ అని రాసి ఊరుకుంటాడు. అలా మూడు మస్టర్లలోనూ సింహాచలం రావ్ ఉన్నాడు.

నాతో పాటు సర్వే చేసింది దేవాంగన్. దుర్గ్ అవతల పల్లెటూరి మనిషి, నాకంటే నాలుగేళ్లు చిన్న. అంతకుముందు ఏడాది క్యాంటీన్‌లో అతను, "పైడిరాజు భయ్యా ఫైలు తెరవడానికి ముందే మనిషి ఇంటిపేరు అడిగి చుట్టరికం తేల్చుకుంటాడు" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పటినుంచి అతనితో టీ తాగడం మానేశాను. ఆ రోజు అతను పెన్సిలుతో మూడు కాగితాల మీదా సున్నాలు చుట్టాడు.

"భయ్యా, ఈ సింహాచలం రావ్ మూడుచోట్లా ఉన్నాడు. ఏక్ హీ ఆద్మీ తో నహీఁ?"

ఒకే మనిషి కాదు కదా అని అతని అనుమానం. నాకు ఒళ్లు మండింది.

"మావాళ్లలో వీధికి పదిమంది సింహాచలాలుంటారు. కొండ మీద దేవుడి పేరు అది. నీకు తెలియదు, వదిలెయ్" అన్నాను.

"తండ్రి పేరు అడిగి రాసుకుందామా? గడి ఉంది కదా."

"మునిషీ దగ్గర లేదు. అవసరమూ లేదు."

నేను చెప్పింది అబద్ధం కాదు. మావాళ్లలో సింహాచలాలకు, అప్పలనాయుళ్లకు, రాములకు లోటు లేదు. ఆ ముగ్గురిలో ఒకడు మావాడే అయి ఉంటాడని, పని దొరికిందని సంతోషించాను కూడా. నాకు తెలిసిన సంగతి మీద నాకున్న గర్వమే నన్ను ముంచింది. ఏమీ తెలియని దేవాంగన్ అడగవలసిన ప్రశ్న అడిగాడు. తండ్రి పేరు గడి ఆ మూడు ఫ్యాక్టరీలకూ పైనుంచి కిందిదాకా ఖాళీగా పోయింది. దేవాంగన్ మార్జిన్‌లో పెన్సిలుతో ఏదో రాసి సంతకం పెట్టాడు. అది నా మీద చాడీ అనుకున్నాను.

ఉత్తరాన పనులు పెరుగుతున్నాయని రిపోర్టు రాశాను. మా బాస్ తివారీ సాహెబ్‌కు అంత ఇష్టమైన రిపోర్టు అంతకుముందు రాలేదు. ఆఫీసంతా లడ్డూలు పంచాడు. డబ్బా తిరిగి తిరిగి నా బల్ల దగ్గరకు వచ్చేసరికి అడుగున బూందీ రాలి ఉంది. ఆ రిపోర్టు రాసింది నేను.

ఆదివారం వచ్చిన నోటీసు

మూడు నెలల తరువాత ఒక ఆదివారం పొద్దున సింహాచలం సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. నాలుగు మూలలా జిగురు అంటి ఉంది. షెడ్డు తలుపు మీంచి పీకి తెచ్చాడు.

"ఇదేటి బావా? షెడ్డు ఎత్తీసి ఏరే జిల్లాకి అట్టుకెళిపోతారట. నువ్వు సదువుకున్నోడివి, సదివి సెప్పు."

చదివాను. ఈ ప్రాంతంలోని చిన్న పరిశ్రమల్లో ఉపాధి పెరుగుతున్నందున కేంద్రాన్ని అవసరం ఉన్నచోటికి తరలిస్తున్నామని ఉంది. మొదటి సగం నా వాక్యమే. కామాతో సహా నాదే.

"చిన్న ఫ్యాక్టరీల్లో పెరిగాయి మరి" అన్నాను.

"అలాగేటి? ఎక్కడ పెరిగినాయో సెప్పు బావా. రేపే ఎల్లి నిలబడతాను."

నట్ల ఫ్యాక్టరీ, డ్రమ్ముల ఫ్యాక్టరీ, తలుపుల ఫ్యాక్టరీ అని చెప్పాను. అతను నవ్వడం మొదలుపెట్టాడు.

"ఓరి నా బావో. సోమారం మంగళారం నట్లు. బుదారం గురువారం డ్రమ్ములు. సుక్కురారం సెనివారం తలుపులు. ఆ మూడింటిలోనీ నానే కదేటి. మా గ్యాంగు గ్యాంగంతా అంతే. ఠేకేదారు ఎటు తోలితే అటు."

"మూడు మస్టర్లలోనూ పేరుందా?"

"మూడు గేట్లు. మూడు పాసులు."

పాసులు తీసి టీపాయి మీద పక్కపక్కన పెట్టాడు. మూడింటి మీదా ఒకే ఫోటో, ఒకే చొక్కా.

"నన్ను ముగ్గుర్ని సేసీసినావు. బాగుంది. మీ సెల్లి రత్నం మాత్రం ఒక్కడికే వండుతాది."

మా ఆవిడ టీ తెచ్చి అతనికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. నాకు ఇవ్వలేదు. అడిగే మొహం నాకు లేదు.

వెళ్లేటప్పుడు సైకిలు స్టాండు తీస్తూ అన్నాడు. "ఇసకపని ఇంక లేదు బావా. హెల్పరుగా ఎన్నాళ్లు మొయ్యగలను? ఆ వెల్డింగు ఒక్కటీ నేర్సుకుంటే బతికీగలను. షెడ్డు ఎలిపోతే ఇంక నాను దినకూలీగానే పోతాను." ఈసారి నవ్వలేదు.

అయిదు మాటలు

సోమవారం తివారీ సాహెబ్ గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. రిపోర్టు దిద్ది పంపాలన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"జనానికి ఉద్యోగాలు ఇప్పించమని వచ్చేవాళ్లను చూశాను పైడిరాజూ. ఉన్న ఉద్యోగాలు వెనక్కి తీసుకొమ్మని వచ్చినవాణ్ని నిన్నే చూస్తున్నాను."

"అవి లేవు సాబ్. మనం రాశామంతే."

"మనం కాదు, నువ్వు రాశావు. దేవాంగన్ అప్పుడే అనుమానపడ్డాడు, మార్జిన్‌లో ఉంది. తవ్వితే ఎవరి కాలి కింద గొయ్యి పడుతుందో ఆలోచించుకో."

బాసుల్లో రెండు రకాలుంటారని ఉద్యోగంలో చేరేవాళ్లకు చెబుతుంటాను. తప్పు చేసినందుకు తిట్టేవాడు ఒకడు, తప్పును బయటపెట్టినందుకు తిట్టేవాడు ఇంకొకడు. మొదటివాడి దగ్గర బాధపడండి. రెండోవాడి దగ్గర ప్రతిదీ రాతపూర్వకంగా ఇచ్చి నకలు దాచుకోండి.

బయటికి వచ్చి దేవాంగన్ బల్ల ముందు నిలబడ్డాను. అతను తలెత్తి తన ఛత్తీస్‌గఢీలో, "కా హోగే భయ్యా?" అన్నాడు. ఏమైందని.

"ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం" అన్నాను.

అయిదు మాటలు. వాటిని బల్ల దాకా మోసుకు రావడానికి ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. అతని స్థానంలో నేనుంటే క్యాంటీన్‌కు వినపడేటట్టు నవ్వేవాణ్ని. అతను నవ్వలేదు. "చాయ్ తాగుతావా?" అన్నాడు. ఏడాదిన్నర తరువాత అతనితో టీ తాగాను. చక్కెర మరీ ఎక్కువైంది, అయినా పూర్తిగా తాగాను.

"మళ్లీ గేట్లకు వెళ్లి లాభం లేదు. మునిషీ మళ్లీ అదే మస్టరు తీస్తాడు. ఇళ్లకు వెళ్దాం" అన్నాడు దేవాంగన్.

కారేజీ కట్టే మనిషి

ఆఫీసు ఇళ్ల సర్వేకు అనుమతి ఇవ్వదు. సొంత ఆదివారాలు, సొంత సైకిళ్లు. తెలుగు సందులు నేను, ఛత్తీస్‌గఢీ సందులు అతను. ఫారాల్లో ఇంటిపేరు పూర్తిగా, తండ్రి పేరు పూర్తిగా. తెలియనిచోట తెలియలేదు అని.

మొదటి రెండిళ్లలో మగవాళ్లను అడిగాను. గేట్ల సంగతి ఠేకేదారుకు తెలిస్తే పని పోతుందని నోరు విప్పలేదు. మూడోది సింహాచలం ఇల్లు. అతను లేడు. భార్య రత్నం గుమ్మంలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది.

"ఏటన్నియ్యా, ఇప్పుడొచ్చినావా అడగడానికి? ముందు మునిషీని అడిగినావు, నన్నడగలేదు. కారేజీ కట్టేది నాను. ఏ దినం ఎటెల్తాడో నాకు తెలీదేటి?"

"చెప్పమ్మా, రాసుకుంటాను."

"మా ఆయన్దేటి, ఈ సందులో అందరియీ సెప్తాను. నట్ల కాడ క్యాంటీను లేదు, ఆ దినం పెద్ద కారేజీ. డ్రమ్ముల కాడ వొంటికి గాలాడదు, ఆ దినం సద్దన్నం, మజ్జిగ. తలుపుల కాడైతే బేగి వదిలేస్తారు, రొట్టెలు సాలు. ఏ ఇంటిలో ఏ దినం ఏటి కడతారో పంపు కాడ మేం మాటాడుకుంటాం."

ఇరవై ఏళ్ల సర్వే పనిలో అంత స్పష్టమైన జవాబు ఏ మేనేజరూ ఇవ్వలేదు. ఆ రోజునుంచి నేను ఆడవాళ్లనే అడిగాను. మీ ఆయన ఎక్కడ పనిచేస్తాడని అడగలేదు. సోమవారం ఏం కట్టారు, మంగళవారం ఏం కట్టారు అని అడిగాను. దేవాంగన్ అవతలి సందుల్లో అదే అడిగాడు. నాలుగు ఆదివారాల్లో, మస్టర్లలో ముగ్గురేసిగా ఉన్నవాళ్లంతా ఒక్కొక్క మనిషిగా తేలారు. రాస్తున్నకొద్దీ నా పాత రిపోర్టు నా చేతుల్లోనే చిక్కిపోతూ వచ్చింది.

ఇంకొకటి కూడా తెలిసింది. కొన్ని ఇళ్లలో కారేజీ తెల్లవారకముందే కడుతున్నారు. ఎందుకని అడిగితే లోకల్ రైలుకు అన్నారు. ఒక పొద్దున నేనూ దేవాంగన్ భిలాయి-3 స్టేషనుకు వెళ్లి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. మన బస్తీల మొహాలే, రాయ్‌పూర్ వైపు బండి కోసం. ఒకాయన భుజానికి వెల్డింగు ముసుగు వేలాడుతోంది.

"ఎక్కడికి?" అని అడిగాను.

"కుమ్హారి దాటినాక కొత్త మిల్లులు లేస్తన్నాయి. వెల్డరైతే రమ్మంటాడు. హెల్పరైతే, రేపు రా అంటాడు. ఆ రేపు వొచ్చేది నేదు" అన్నాడు ముసుగాయన.

అంటే పనులు ఉన్నాయి. నేను రాసినచోట లేవు. తూర్పుకు వెళ్లిపోయాయి. అక్కడికి వెళ్లాలంటే చేతిలో పని, కాగితం మీద సర్టిఫికెట్టు ఉండాలి. ఆ సర్టిఫికెట్టు ఇచ్చే షెడ్డును మా రిపోర్టు ఎత్తేస్తోంది.

ఒక కాపీ పైకి

రెండో రిపోర్టు మొదటి పేరాలోనే, ముందటి రిపోర్టులో పొరపాటు జరిగిందని, దానికి నేను బాధ్యుణ్నని, తండ్రి పేరు గడి ఖాళీగా వదలడం వల్ల ఒకే మనిషిని మూడుసార్లు లెక్కవేశామని రాశాను. దేవాంగన్ చదివి, "లెక్కవేశామని కాదు, వేశానని రాయి" అన్నాడు. దిద్దాను. న్యాయమే, కాని గుర్తుంది.

తివారీ సాహెబ్ దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. మన పద్ధతిలో ఒక సదుపాయం ఉంది. అర్జీ ఆఫీసరు ద్వారానే పంపాలి, అయితే ఒక అడ్వాన్స్ కాపీ నేరుగా పైకి పంపుకోవచ్చు. నేను పంపాను. నెల తరువాత జ్ఞాపకం చేస్తూ ఇంకొకటి పంపాను. మళ్లీ ఇంకొకటి. అందుకు నాకు మెమో ఇచ్చారు. మెమోకు జవాబు రాసి దానికీ అడ్వాన్స్ కాపీ పంపాను. షెడ్డులో మిషన్లు విప్పి గోనె సంచుల్లో కట్టారు. లారీ రావడమే మిగిలింది. సింహాచలం రోజూ పనికి వెళ్తూ ఆ సంచులు ఉన్నాయో లేదో చూసి వెళ్లేవాడు. నన్ను మాత్రం ఏమీ అడిగేవాడు కాదు. అతను అడగకపోవడం మెమోకంటే బరువుగా ఉండేది.

హాజరు

చివరికి అప్పటి మా రాజధాని భోపాల్ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. తనిఖీ షెడ్డులోనే పెడతానంది. నా ఉత్తరాలన్నీ దారానికి గుచ్చి తెచ్చింది. షెడ్డే పోయాక ఠేకేదారుకు భయపడి ఏం లాభమని సింహాచలం గ్యాంగంతా వచ్చింది. బస్తీ జనం గోడల వెంట నిలబడ్డారు, గోనె సంచుల మీద కూర్చున్నారు.

తివారీ సాహెబ్ ముందే అందుకున్నాడు. "మేడమ్, ఈ మనిషి బావమరిది పేరు బ్యాచిలో ఉంది. అందుకే ఈ గొడవంతా. పైగా పనులు లేవంటున్నాడు. పనులే లేనిచోట శిక్షణ దేనికి?"

బావమరిది మాట నిజమే. నేను అవునన్నాను. స్టేషను దగ్గర రాసుకున్న కాగితాలు ఇచ్చాను. పని ఎక్కడ ఉందో, ఎవరిని తీసుకుంటున్నారో, ఎవరిని తిప్పి పంపుతున్నారో అందులో ఉంది. ఆవిడ చదివి పక్కన పెట్టింది.

"మొదటి రిపోర్టప్పుడు, మావాళ్లలో వీధికి పదిమంది సింహాచలాలుంటారని నువ్వే అన్నావట. మార్జిన్‌లో రాసుంది. ఇప్పుడు ముగ్గురూ ఒకడే అంటున్నావు. ఏది నమ్మాలి?"

దేవాంగన్ వెనకనుంచి, "మేడమ్, మూడు లిస్టులూ చదవండి. గ్యాంగు ఇక్కడే ఉంది" అన్నాడు.

ఆవిడ నట్ల ఫ్యాక్టరీ లిస్టు తీసి ఒక్కొక్క పేరూ చదివింది. పిలిచినవాడు పిలిచినట్టు లేచి హాజర్ అన్నాడు. సింహాచలం రావ్ కూడా. లిస్టు అయిపోయింది, కూర్చున్నారు. డ్రమ్ముల ఫ్యాక్టరీ లిస్టు చదివింది. వరస మారింది, లేచిన మనుషులు మారలేదు. గోడ వెంట ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మూడో లిస్టులో సింహాచలం పేరు వచ్చేసరికి అతను మోకాళ్ల మీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచాడు.

"హాజర్ మేడమ్. మూడోసారి." తరువాత తెలుగులో, నా వైపు చూసి, "ఇంకో ఫ్యాక్టరీ రాసుంటే ఇప్పుడే సెప్పీ బావా, మళ్లీ కూకోడం దేనికి" అన్నాడు.

షెడ్డు కప్పు అదిరేటట్టు నవ్వారు. తివారీ సాహెబ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. "ఏమన్నాడు?" అని దేవాంగన్‌ను అడిగింది. దేవాంగన్‌కు తెలుగు రాదు. నేనే హిందీలో చెప్పాను. అతను తెలుగులో చెప్పిన నా తప్పును నా నోటితోనే, అందరి ముందూ, రెండోసారి చెప్పాను. అప్పుడు మా మొదటి ఆఫీసరు చించిన ఫారం గుర్తొచ్చింది. గదిలో ఎవరెవరు నవ్వారో ఈసారి చూసుకోలేదు.

ఆవిడ మూడు లిస్టులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కట్టింది. "సంచులు విప్పించండి" అని జీపు ఎక్కింది. నా పేరు అడగలేదు.

ఆ తరువాత

తరలింపు ఆపుతూ కాగితం వచ్చింది. ఆపింది ఒక్క బ్యాచికే. తరువాతి బ్యాచికి మళ్లీ రాయవలసి వచ్చింది, ఆ తరువాతి దానికి మళ్లీ. నేను ఉన్నంతకాలం రాశాను. ఆ షెడ్డు గురించి నేను పంపిన అడ్వాన్స్ కాపీల కట్ట నా గ్రేడు అర్జీల కట్టకంటే లావుగా ఉంటుంది.

రెండో రిపోర్టు తివారీ సాహెబ్ పేరుతో అచ్చయింది. దేవాంగన్ పేరు లేదు, నాది లేదు. ఆ ఏడాది నా పనితీరు మీద రాసే రహస్య నివేదికలో మొండివాడు, కలిసి పనిచేయలేడు అని రాశారు. మొండివాడన్నదానికి నేను అభ్యంతరం పెట్టలేదు. కలిసి పనిచేయలేడన్నదానికి పెట్టాను. దేవాంగన్ దాని మీద సాక్షి సంతకం చేశాడు.

కొత్తగా చేరినవాళ్లు నా దగ్గరనుంచి తీసుకోవలసింది కొంచెమే. మీకు బాగా తెలిసిన మనుషుల దగ్గరే ఎక్కువ ప్రశ్నలు అడగండి. తెలియనివాళ్ల దగ్గర మనం ఎలాగూ అడుగుతాం. పని పెరిగిందని ఎవరైనా చెబితే, ఎవరి కారేజీ ఎటు వెళుతోందో చూడండి. పక్కవాడి పెన్సిలు గుర్తును చాడీ అనుకోకండి. అవమానాలు గుర్తుంచుకోవద్దని చెప్పను, నేను చెబితే నవ్వుతారు. వాటితో పాటు మీ తప్పును కూడా అంతే గట్టిగా గుర్తుంచుకోండి.

సింహాచలం ఆ బ్యాచిలో వెల్డింగు నేర్చుకున్నాడు. కుమ్హారి అవతల ఒక మిల్లులో చేరాడు. మరుసటి సర్వేలో ఆ సందు నాకే వచ్చింది. సెలవురోజు చూసుకుని వెళ్లాను. అతను గుమ్మంలో కూర్చున్నాడు, రెప్పలు మంటకు ఎర్రగా ఉన్నాయి. రత్నం రేపటి కారేజీ గిన్నెలు తోముతోంది. ఫారం తీశాను. పేరు రాశాను. రావ్ అని రాయలేదు, ఇంటిపేరు అడిగి అక్షరం అక్షరం రాశాను. పనిచేసే చోటు రాశాను.

"తండ్రి పేరు?" అన్నాను.

"మా నాన్న పేరు నీకు తెలీదేటి బావా? మా యప్పని నీకిచ్చినప్పుడు నీ కాళ్లు కడిగినాడు."

"తెలుసు. నువ్వు చెప్పాలి."

చెప్పాడు. రాశాను. అతను మెడ సాచి కాగితంలోకి చూశాడు. చదువు రాదు, అయినా గడులన్నీ నిండాయో లేదో వేలితో తడిమి చూశాడు.

"ఒక్కసారే రాసినావు కదా?"

"ఒక్కసారే."

"అయితే వేలిముద్ర ఎక్కడెయ్యాలో సూపించు" అన్నాడు.